మాటతో మారే కెమెరా : ఒక పరిశీలన

కాలేజీ ఆవరణలో కెమెరాలు బిగించటం ఇప్పుడు వార్త కాదు. లైబ్రరీ మెట్ల దగ్గర, బళ్ల స్టాండులో, పరీక్ష హాళ్లలో, హాస్టలు గేటు మీద అవి మనల్ని చూస్తూనే వున్నాయి. కొత్త సంగతి ఏమిటంటే వాటి సెట్టింగులు మార్చే పద్ధతి మారుతున్నది. నిన్నమొన్నటిదాకా కెమెరాలు బిగించిన మెకానిక్కే మళ్లీ వచ్చి, మెనూలోకి దిగి, ఒక్కొక్క గడీ నింపి వెళ్లేవాడు. ఇవాళ "గేటు కెమెరా రాత్రిపూట మసగ్గా వస్తోంది, సరిచెయ్యి" అని మామూలు తెలుగులో టైపు చేస్తే చాలు, కృత్రిమ మేధ సహాయకుడు ఆ గడులు తానే నింపి "మార్చాను" అని జవాబు చెబుతోంది. ఈ మార్పు ఎలా జరుగుతుంది, పొరపాటుకి సందు ఎక్కడ వుంది అనే విషయాలు ఈ వ్యాసంలో పరిశీలిద్దాం. ఎలక్ట్రానిక్స్ చదవనివాళ్లు భయపడనక్కర్లేదు. గుణకారం, భాగహారం వస్తే చాలు.

ముందుగా కాస్త చరిత్ర. 1942లో జర్మనీలోని పీనెముండేలో వీ-2 రాకెట్టు ప్రయోగాన్ని దూరాన కూర్చుని చూడటానికి వాల్టర్ బ్రూఖ్ అనే ఇంజనీరు ఒక కెమెరా ఏర్పాటు చేశాడు. మూసిన వలయంలో పనిచేసే టెలివిజన్‌కి, అంటే మనం సి.సి. టీవీ అనే దానికి, అది తొలి రూపాల్లో ఒకటి. ఆ తరువాతి ముచ్చట విశ్వవిద్యాలయాలకి సంబంధించింది గనుక చెప్పాలి. 1991లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం కంప్యూటరు ప్రయోగశాలలో పరిశోధకులు కాఫీ కోసం మెట్లెక్కి వెళ్తే తీరా కూజా ఖాళీగా వుండేదట. విసిగిపోయి ఆ కూజా ముందు ఒక కెమెరా పెట్టారు. కూర్చున్న చోటినుంచే కాఫీ వుందో లేదో చూసుకునేవాళ్లు. 1993లో ఆ బొమ్మ ఇంటర్నెట్టు మీదికి ఎక్కి లోకమంతా చూసింది. బద్ధకం కూడా శాస్త్రానికి మేలు చేస్తుందనుకోవాలి! 1996లో స్వీడన్‌కి చెందిన యాక్సిస్ కంపెనీ నేరుగా నెట్‌వర్కుకి తగిలించే కెమెరాని అమ్మకానికి తెచ్చింది. 2008లో యాక్సిస్, బాష్, సోనీ కలిసి ఓన్విఫ్ అనే వేదికని ఏర్పరచాయి. ఏ కంపెనీ కెమెరా అయినా, ఏ కంపెనీ రికార్డరు అయినా ఒకే భాషలో మాట్లాడుకోవాలన్నది దాని ఉద్దేశం.

నెట్‌వర్కులో చేరగానే కెమెరాకి ఒక చిరునామా వచ్చింది. చిరునామా వున్న వస్తువుని దూరంనుంచి సరిచెయ్యవచ్చు, దూరంనుంచి చెడగొట్టనూ వచ్చు. 2016లో 'మిరాయ్' అనే దుష్ట ప్రోగ్రాము ఈ సంగతి అందరికీ తెలియజెప్పింది. ఫ్యాక్టరీలో పెట్టి పంపిన పేరూ పాస్‌వర్డూ మార్చకుండా వదిలేసిన కెమెరాలనీ రికార్డర్లనీ అది వెతికి పట్టుకునేది. దాని చేతిలోవి అరవై పైచిలుకు పాస్‌వర్డు జతలు మాత్రమే. ఆ కొద్దిపాటి జాబితాతోనే లక్షల పరికరాలని లొంగదీసుకుంది. ఆ ఏడు అక్టోబరు 21న 'డిన్' అనే సంస్థ మీద జరిగిన దాడిలో ట్విట్టరు, నెట్‌ఫ్లిక్స్ లాంటివి అమెరికాలో చాలామందికి గంటల తరబడి అందలేదు. ఒక సెట్టింగు మార్చకపోవటం వల్ల ఇంత జరిగింది. తప్పుగా మారిస్తే ఏమవుతుందనేది మన ప్రశ్న.

కృత్రిమ మేధ సహాయకుడు అనేది భాష నేర్చిన కంప్యూటరు ప్రోగ్రాము. కెమెరాని అది తనంతట తాను ముట్టుకోలేదు. మధ్యలో 'టూలు' అనే పనిముట్టు వుండాలి. ప్రతి టూలుకీ ఒక పేరు, అది ఏం చేస్తుందో చెప్పే నాలుగు వాక్యాలు, దానికి ఏయే అంకెలు అందించాలో తెలిపే పట్టిక వుంటాయి. మనం అడిగింది చదివి, సహాయకుడు ఆ జాబితాలోంచి తగిన టూలుని ఎన్నుకుని, పట్టిక నింపి, ఒక చీటీ రాసి పంపుతుంది. ఆ చీటీ పట్టుకుని కెమెరాతో మాట్లాడేది మరొక మామూలు ప్రోగ్రాము. ఫలితం తిరిగి అక్షరాల రూపంలో సహాయకుడికి చేరుతుంది. ఆఫీసులో నోటు రాసే గుమాస్తా, తాళం చెవులున్న ప్యూను ఎలాగో ఇదీ అలాగే. ఈ చీటీల రాకపోకలకి అందరూ వాడుకోదగిన ఒప్పందాన్ని 2024 నవంబరులో ఆంత్రోపిక్ అనే అమెరికన్ సంస్థ ప్రకటించింది. దాని పేరు మోడల్ కాంటెక్స్ట్ ప్రొటోకాల్. అందరూ ఎమ్.సి.పి. అంటున్నారు.

ఇక్కడ పాఠకులు ఒక్క సంగతి గమనించాలి. సహాయకుడు "మార్చాను" అన్నప్పుడు అది తిరిగొచ్చిన చీటీ చదివి అంటున్నది. తెర మీద బొమ్మ చూసి కాదు. కెమెరా "సరే" అన్నంతమాత్రాన మనం కోరింది జరిగిందని లేదు. కొన్ని కెమెరాలు తమకి చేతకాని అంకె ఇస్తే, దానికి దగ్గర్లో వున్న అంకె పెట్టుకుని కూడా "సరే" అంటాయి. అందుకని మార్చిన వెంటనే ఇంకోసారి సెట్టింగుని చదివించి, పాతదీ కొత్తదీ పక్కపక్కన చూపించమని అడగాలి. ఆ మీదట బొమ్మని మన కళ్లతో చూడాలి.

అసలు చిక్కంతా మాటకీ అంకెకీ మధ్య వుంది. "బొమ్మ స్పష్టంగా రావాలి" అనేది మాట. కెమెరాకి కావలసింది అంకె. ఒక ఉదాహరణ లెక్కగట్టి చూద్దాం.

ఒక కాలేజీలో 16 కెమెరాలు, 8 టెరాబైట్ల డిస్కు వున్నాయనుకుందాం. ఒక్కో కెమెరా సెకనుకి 1.5 మెగాబిట్ల చొప్పున బొమ్మ పంపుతోంది. రోజుకి 86,400 సెకన్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు. కాబట్టి ఒక కెమెరాకి రోజుకి 16.2 గిగాబైట్లు, పదహారింటికి 259.2. ఎనిమిది వేల గిగాబైట్లని దీనితో భాగిస్తే 30.8. అంటే ముప్పై రోజుల పైచిలుకు రికార్డింగు నిలవ వుంటుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో వచ్చిన ప్రజాభద్రత చట్టం విద్యాసంస్థలతో సహా జనం చేరే సంస్థలు కెమెరాలు పెట్టాలనీ, రికార్డింగు ముప్పై రోజులు దాచాలనీ అంటుంది. మన ఏర్పాటు లెక్క ప్రకారం సరిగ్గా సరిపోయింది.

ఇప్పుడు ఎవరో "అన్ని కెమెరాల్లో బొమ్మ ఇంకా స్పష్టంగా రావాలి" అని సహాయకుడికి చెప్పారు. అది బిట్ రేటుని 4 మెగాబిట్లకి పెంచింది. బొమ్మ నిజంగానే బాగుపడింది, అందరూ సంతోషించారు. కాని లెక్క చూడండి. ఒక కెమెరాకి రోజుకి 43.2, పదహారింటికి 691.2 గిగాబైట్లు. డిస్కు పదకొండున్నర రోజులకే నిండిపోతుంది. నిండిన డిస్కు గంట కొట్టదు, ఎర్రదీపం వెలిగించదు. అన్నిటికన్నా పాత రోజుని చెరిపేసి, దాని మీద కొత్తది రాసుకుంటూ పోతుంది. అది దాని ధర్మం.

దీనివల్ల నష్టపోయేదెవరో ఆలోచించాలి. దొంగతనం జరిగితే ఆ రోజే తెలుస్తుంది, పదకొండు రోజులు చాలు. ర్యాగింగు అలా కాదు. కొత్తగా చేరిన కుర్రవాడు వెంటనే నోరు విప్పడు. మొదటివారం భయం, రెండోవారం సిగ్గు. ఇంటికి వెళ్లినప్పుడు తల్లి గుచ్చిగుచ్చి అడిగితే అప్పుడు చెబుతాడు. ఫిర్యాదు ప్రిన్సిపాలు గారి బల్ల మీదకి వచ్చేసరికి ఇరవయ్యో రోజు. మన రాష్ట్రంలో 1997లోనే ర్యాగింగు నిషేధ చట్టం వచ్చింది. చట్టం వుంది, కమిటీ వుంది, కెమెరా వుంది, ఆ రోజు బొమ్మ మాత్రం లేదు. ఎవరూ తుడిచెయ్యలేదు. "స్పష్టంగా" అన్న ఒక్క మాట తుడిచేసింది. ఆ కుర్రవాడు అబద్ధమాడాడని అనుకునేవాళ్లు కూడా వుంటారు.

ఇలాంటిది జరగకుండా వుండాలంటే సెట్టింగు మార్చమనటానికి ముందు "మారిస్తే ఎన్ని రోజుల రికార్డింగు మిగులుతుంది?" అని అడగాలి. లెక్కలో సహాయకుడు దిట్ట. కాని డిస్కు ఎంతో, కెమెరాలు ఎన్నో చదివే టూలు దాని దగ్గర వుండాలి. లేకపోతే ఊహించి చెప్పే ప్రమాదం వుంది, అదీ నిబ్బరంగా! (2020 డిసెంబరు 2న సుప్రీంకోర్టు పోలీసు స్టేషన్లలో కెమెరాలు పెట్టి పద్దెనిమిది నెలల రికార్డింగు దాచాలని చెప్పింది. పై లెక్క ప్రకారం సెకనుకి 1.5 మెగాబిట్ల చొప్పున ఒక్క కెమెరాకే దాదాపు 9 టెరాబైట్లు కావాలి. ఆసక్తి వున్నవాళ్లు గుణించి చూసుకోవచ్చు.)

ఇంకొకటి షట్టరు. "రాత్రి బొమ్మ చీకటిగా వుంది" అంటే సహాయకుడికి తోచే తేలిక మార్గం షట్టరుని ఎక్కువసేపు తెరిచి వుంచటం. వెలుతురు ఎక్కువ పడుతుంది, గేటూ గోడా చెట్టూ చక్కగా కనిపిస్తాయి. అవి కదలవు కదా! గంటకి 36 కిలోమీటర్ల వేగంతో పోయే మోటారు సైకిలు సెకనుకి 10 మీటర్లు కదులుతుంది. షట్టరు సెకనులో ఇరవయ్యయిదో వంతు తెరిచి వుంటే ఆలోపు బండి 40 సెంటీమీటర్లు జరుగుతుంది. అడ్డంగా పోయే బండి అయితే నంబరు ప్లేటు తెల్లటి చారగా మిగులుతుంది. అయిదువందలో వంతుకి తగ్గిస్తే 2 సెంటీమీటర్లే, అయితే చీకటి పడుతుంది, దీపం పెట్టాలి. కాబట్టి గేటు దగ్గర మనకి కావలసింది గోడా, నంబరా అనేది ముందు తేల్చుకోవాలి. అది కృత్రిమ మేధకి తెలియదు. వాచ్‌మన్‌కి తెలుసు.

దూరం సంగతీ అంతే. 2014 నాటి అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం కొత్త మనిషిని ఫలానా అని రూఢిగా గుర్తుపట్టాలంటే బొమ్మలో మీటరుకి 250 చుక్కలు పడాలి. మనిషి వున్నాడని తెలియటానికి 25 చాలు. బొమ్మ వెడల్పు 1920 చుక్కలయితే గుర్తుపట్టగలిగే వెడల్పు ఏడున్నర మీటర్ల పైచిలుకే. ఆటస్థలమంతా ఒక్క కెమెరాలో పట్టించి, అవతలి గట్టు మీద నిలబడ్డవాడి ముఖం కావాలంటే ఏ సెట్టింగూ ఇవ్వలేదు. అటువంటప్పుడు "కుదరదు" అని చెప్పే సహాయకుడే మంచి సహాయకుడు.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. మన కరెంటు సెకనుకి 50 ఆవృత్తులది, అమెరికాలో 60. పాత చోకు ట్యూబులైటు మన దగ్గర సెకనుకి వందసార్లు మినుకుతుంది. కంటికి తెలియదు, కెమెరాకి తెలుస్తుంది. అందుకని మినుకు తగ్గించే సెట్టింగు 50 మీద వుండాలి. పొరపాటున 60 మీద పెడితే వరండా బొమ్మలో చారలు పాకుతూ వుంటాయి. సహాయకుడు చదివిన పుస్తకాల్లో అమెరికావి ఎక్కువ. "మేము హైదరాబాదులో వున్నాం" అనో "విశాఖలో వున్నాం" అనో ముందే చెప్పి వుంచటం మంచిది.

ఇప్పుడు ముఖ్యమైన విషయానికి వద్దాం. ఓన్విఫ్ పద్ధతిలో వీడియో సెట్టింగు మార్చేటప్పుడు ఒక్క అంకె పంపితే చాలదు, ఆ అమరిక మొత్తాన్ని తిరిగి పంపాలి. ఫారంలో ఒక గడి దిద్దటానికి ఫారమంతా మళ్లీ రాసివ్వటం లాంటిది. కాబట్టి క్రమం ఏమిటంటే వున్నది చదవటం, అందులో కావలసింది మార్చటం, మొత్తం పంపటం. చదవకుండా రాస్తే మిగతా గడుల్లో ఏమి పడుతుందో చెప్పలేం. ఇతర పద్ధతుల్లో కూడా మొత్తాన్ని మార్చే ఆదేశాలు, కొంత మాత్రమే మార్చే ఆదేశాలు రెండూ వుంటాయి. టూలు రాసిన వాళ్లు ఏది వాడారో తెలుసుకుని తీరాలి.

ఆ గడుల్లో ప్రైవసీ మాస్కు కూడా వుందనుకోండి. ఆడపిల్లల హాస్టలు ఎదుట స్తంభం మీద కెమెరా వుంది. దాని చూపులో రోడ్డూ పడుతుంది, రెండో అంతస్తు కిటికీలూ పడతాయి. కిటికీల మీద నల్లటి తెర కప్పి వుంచేదే ప్రైవసీ మాస్కు. "కెమెరాని మొదటినుంచి శుభ్రంగా సెట్ చెయ్యి" అన్న ఆదేశంతో ఆ తెర ఎగిరిపోవచ్చు. రోడ్డు బొమ్మ బాగానే వుంటుంది గనుక ఫిర్యాదు రాదు. లోపల వున్న అమ్మాయికి తెలిసే దారే లేదు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కని తేల్చింది. ఆ హక్కు మన ఆవరణలో నాలుగు మూలలున్న ఒక నల్ల చతురస్రంగా నిలిచి వుంది. ఏ మార్పు చేసినా ఆ చతురస్రం వున్నచోటే వుందా అని విడిగా చూడాలి. నా మటుకు నేను ఈ ఒక్క సెట్టింగుని సహాయకుడికి అసలు అందనివ్వను. వార్డెను గారి సంతకంతో మనిషి చేతనే మార్పించాలి.

మాటల్లో వచ్చే తికమక కూడా తక్కువది కాదు. మనం 'వెనక గేటు' అంటాం. కెమెరాల జాబితాలో అది 'ఏడవ నంబరు కెమెరా'. 'కెమెరా ఆపు' అంటే రికార్డింగు ఆపమనా, తిరగటం ఆపమనా, కరెంటే తియ్యమనా? 'కొంచెం తగ్గించు' అంటే ఎంత? ఇంట్లో అమ్మ 'ఉప్పు కొంచెం తగ్గించు' అంటే వదినకి అర్థమవుతుంది, ఎందుకంటే ఇద్దరూ అదే కూర తిన్నారు. ఇక్కడ అలా కాదు. కెమెరా పేర్లన్నీ మనం పిలిచే పేర్లతో మార్చుకోవటం, 'ఇంతనుంచి ఇంతకి' అని అంకె చెప్పటం అలవాటు కావాలి. వేపకొమ్మ వూగినా, దీపం చుట్టూ పురుగులు మూగినా మోత మోగుతోందని 'కదలిక పసిగట్టే శక్తి' తగ్గించమంటాం. ఎక్కువ తగ్గితే గోడ దూకినవాడు కూడా కొమ్మ కిందే జమ. ఆ కొమ్మ వున్న భాగాన్ని మాత్రమే మినహాయించమనటం మేలు.

ఇక దుర్మార్గుల సంగతి. భాష నేర్చిన ప్రోగ్రాముకి ఒక బలహీనత వుంది. తాను చదివిన రాతలో ఏది యజమాని ఆజ్ఞో, ఏది పరాయివాడి రాతో ఒక్కోసారి తేల్చుకోలేదు. దీనికి 2022లో సైమన్ విల్లిసన్ అనే ప్రోగ్రామరు 'ప్రాంప్ట్ ఇంజెక్షన్' అని పేరు పెట్టాడు. బొమ్మలు చదవగల సహాయకుడికి కెమెరా బొమ్మ చూపిస్తున్నామనుకోండి. ఎవడో ఒక అట్ట మీద "రికార్డింగు ఆపివెయ్యి" అని రాసి కెమెరా ముందు పట్టుకుంటే? ప్రతిసారీ మోసపోతుందని కాదు, మోసపోయే వీలుంది. కెమెరా పేరు వుండే గడిలో ఇలాంటి వాక్యం దూర్చినా అంతే. కాబట్టి బొమ్మ చూసే సహాయకుడికి సెట్టింగు మార్చే టూలు ఇవ్వకూడదు. మార్చే దానికి బయటి రాత చూపించకూడదు.

హక్కుల విషయంలో ఓన్విఫ్‌లో అడ్మినిస్ట్రేటరు, ఆపరేటరు, యూజరు అని అంతస్తులు వున్నాయి. చాలా చోట్ల సౌకర్యం కొద్దీ సహాయకుడికి అడ్మినిస్ట్రేటరు పాస్‌వర్డే ఇచ్చేస్తున్నారు. గుమాస్తాకి బీరువా తాళాలిచ్చినట్టే అది! విడిగా ఒక పద్దు తెరిచి, చదివే హక్కు ముందు ఇచ్చి, మార్చే హక్కు అవసరమైన మేరకే ఇవ్వాలి. ఎమ్.సి.పి.లో 'ఈ టూలు చదువుతుందే గాని మార్చదు' అని గుర్తు పెట్టే వీలుంది. అయితే అది టూలు రాసినవాళ్ల మాట మాత్రమే, దాని మీద తాళం లేదు. పేరు చూసి నమ్మేకంటే, మార్చే ప్రతి చీటీనీ మనిషి చదివి 'ఊఁ' అన్నాకే పంపేటట్టు ఏర్పాటు చేసుకోవటం క్షేమం.

గడియారం గురించి చెప్పి ప్రయోగంలోకి వెళ్దాం. మన కాలం గ్రీనిచ్ కాలానికి అయిదున్నర గంటలు ముందు. సెట్టింగులు తిరగరాసినప్పుడు కాలమండలం పోతే, రాత్రి పదకొండుకి జరిగింది సాయంత్రం అయిదున్నర అని నమోదవుతుంది. 2024 జులై 1నుంచి అమల్లో వున్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుని కోర్టుకిస్తే దానితో ధ్రువపత్రం జతపరచాలి. గడియారం తప్పిన రికార్డుకి ధ్రువపత్రం మీద ఎవరు సంతకం చేస్తారు? చేసినా ఎదుటి వకీలు వూరుకుంటాడా?

ప్రయోగశాలలో చెయ్యదలచిన విద్యార్థులు గేటు కెమెరాతో కాక, బల్ల మీద ఒక విడి కెమెరాతో మొదలుపెట్టాలి. దానికి బయటి ఇంటర్నెట్టు ఇవ్వకూడదు, ఫ్యాక్టరీ పాస్‌వర్డు ముందే మార్చాలి. మొదట సహాయకుడి చేత సెట్టింగులన్నీ చదివించి, ఆ కాగితం అచ్చువేసి రికార్డు పుస్తకంలో అంటించాలి. తరువాత ఒక్క మార్పు అడగాలి, ఒక్కటే. అది రాసిన చీటీని ఇద్దరు విద్యార్థులు చదివి, ఒకరు మాటనీ ఒకరు అంకెనీ సరిచూడాలి. ఒప్పుకున్నాక పంపి, మళ్లీ చదివించి, రెండు కాగితాలనీ వరసవారీగా పోల్చాలి. మనం అడగని వరస ఏదైనా మారిందా అన్నదే ఈ ప్రయోగంలో పరిశీలన. తరువాత కెమెరా ప్లగ్గు తీసి మళ్లీ పెట్టాలి. కరెంటు పోయి వస్తే పాత సెట్టింగుకి వెళ్లిపోయే కెమెరాలు వున్నాయి. చివరికి ఒక విద్యార్థి కెమెరా ముందు పరుగెత్తాలి, వాడి చొక్కా మీది అక్షరాలు చదవగలగాలి. ఇదంతా పగలు అయ్యాక, రాత్రి ఎనిమిది గంటలకి వరండా దీపం వెలుగులో ఇంకోసారి చెయ్యాలి. ఆ రెండో పరిశీలన లేని రికార్డు పుస్తకం మీద లెక్చరరు గారు సంతకం పెట్టనక్కర్లేదు.